బేగంబజారులో పిల్లల ప్రయోగశాల

హైదరాబాదు చూడవచ్చిన సోదరీమణులలో పెక్కండ్రు చార్మినారు చెంతనున్న గాజుల దుకాణములను, సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాలను, గోలకొండ కోటను చూచి మరలిపోవుదురు. మూసీనదికి ఉత్తరపు గట్టున, నయాపూలు వంతెననుండి నడచి పోదగిన దూరముననే యున్న బేగంబజారును మాత్రము పెండ్లిసామానుల జాబితా చేతనున్నవారే తలంతురు. బిందెలకును, జీడిపప్పునకును, పసుపుకొమ్ములకును పోవలసిన చోటేకాని, అచట చూడదగిన దేమున్నదని లోకుల తలంపు. బడిపిల్లలను వెంటబెట్టుకొని యొక ఉదయమంతయు ఆ వీథులలో తిరిగిన పిదప మాకు వేఱు తలంపు కలిగినది. ప్రయోగశాల లేదని చింతించు పాఠశాలలకును, పిల్లల ప్రశ్నలకు ఏమి చెప్పవలెనో తోచక విసుగుకొను తల్లులకును ఈ బజారు ఒక పెన్నిధి. ఆ సంగతినే యిచట విన్నవించుచున్నాము.

1762 మొదలు 1803 వఱకు రాజ్యమేలిన నిజాం అలీఖానుని భార్యయగు హమ్దా బేగము ఈ నేలను వర్తకులకు వ్యాపారార్థమై యిచ్చెననియు, అందుచేతనే దీనికి బేగంబజారను పేరు వచ్చెననియు చెప్పుదురు. ఒక స్త్రీ యిచ్చిన నేలపై వెలసిన ఈ విపణి నేటికిని స్త్రీల వంటయింటికి కావలసిన సమస్తమును సమకూర్చుచుండుట ముచ్చట గొలుపును. ఉస్మానియా వైద్యకళాశాల కడ మెట్రో దిగియైనను, అఫ్జల్‌గంజులో బస్సు దిగియైనను ఇచటికి చేరవచ్చును. దారిలో 1891లో ఆసఫియా పేర స్థాపితమై, నేడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయముగా నున్న పెద్ద భవనము కానవచ్చును. అది దాటి సందులలో ప్రవేశించితిమా, ఇక తలయెత్తి నడచుట కష్టము. తోపుడుబండ్లు, తలపై మూటలతో హమాలీలు, బేరమాడు కంఠములు, మిరపకాయల ఘాటు, ఇంగువ వాసన, ఒకదానిపై నొకటి పేర్చిన గిన్నెల తళతళలు అన్నియు ఒక్కసారిగా మీదికి వచ్చును. తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ మాటలు ఒక్క దుకాణములోనే వినబడును. పిల్లలతో పోవువారు పెందలకడ పోవుట మేలు. ప్రొద్దెక్కినకొలది త్రోవ దొరకదు.

మేము పోయిన పని యిది. మావారు పాఠము చెప్పు బడిలో రెండు గదులును, ఒక నల్లబల్లయు తప్ప శాస్త్రపాఠమునకు పరికరమనునది లేదు. పుస్తకములోని ప్రయోగమును చదివి, దాని ఫలితమును గూడ చదివి, రెంటిని కంఠస్థము చేయుటయే అచట ప్రయోగము. నాలుగు, అయిదు తరగతుల పిల్లలు ఏడుగురిని తోడ్కొనిపోయి, స్వల్పమైన సొమ్ముతో వారిచేతనే వస్తువులు కొనిపించి, వానితో వారే పరీక్షలు చేయునట్లు చూతమని సంకల్పించితిమి.

ఇది క్రొత్తవింత యని యెవరును తలంపవలదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతునకు తత్త్వము బోధించిన విధము మన పెద్దలందఱు ఎఱిగినదే. ఉప్పును నీటిలో వేసి మఱునాడు రమ్మనెను. వచ్చిన పిదప ఆ ఉప్పును తీసియిమ్మనెను. కుమారునకు అది కానరాలేదు. పైనీటిని, నడిమి నీటిని, అడుగు నీటిని రుచిచూడుమనెను. అంతటను ఉప్పగానే యుండెను. మఱ్ఱిపండును తెప్పించి చీల్పుమనెను, అందలి గింజను గూడ చీల్పుమనెను, ఏమి కనబడుచున్నదని యడిగెను. ఆ తండ్రి చెప్పదలచిన పరమార్థము వేఱు కావచ్చును. కాని చెప్పిన పద్ధతిని గమనింపుడు. సమాధానమును ముందుగా చేతిలో పెట్టలేదు. కుమారునిచేత చేయించెను, చూపించెను, పిదప పలికించెను. మన యిండ్లలో ఉప్పునకు కొదవ లేదు, నీటికి కొదవ లేదు. కొదవయైనది ఆ యోర్పు మాత్రమే.

మొదట పసుపు, మసాలాదినుసులు అమ్ము వీథికి పోయితిమి. పావుకిలో పసుపుకొమ్ములు దంపించిన పొడి, కొంత తాంబూలపు సున్నము, వంటసోడా, చింతపండు, నిమ్మకాయలు, కుంకుడుకాయలు కొంటిమి. మంగళహారతి వేళ పళ్లెములో పసుపును సున్నమును కలిపి ఎఱ్ఱనీళ్లు చేయని యిల్లు తెలుగునాట నుండదు. ఆ నీళ్లను మనము వేయిసార్లు కలిపియుందుము. కాని మాతో వచ్చిన ఒక చిన్నది, "పసుపు పచ్చగుంటది, సున్నం తెల్లగుంటది. మరి ఎర్రగెట్లైంది పంతులమ్మా?" యని యడిగినప్పుడు, ఈ ప్రశ్న మనకేల తోచలేదాయని యనిపించినది.

బడికి వచ్చిన పిదప పసుపును నీటితో చిక్కగా కలిపి, తెల్లకాగితపు ముక్కలకు పూసి, నీడన ఆరబెట్టితిమి. ఒక్కొక్క ముక్కపై ఒక్కొక్క ద్రవపు చుక్క వేయవలెను. అయితే వేయుటకు ముందే రంగు మాఱునా మాఱదా యని ప్రతి బిడ్డయు తన పలకపై వ్రాయవలెనని నియమము పెట్టితిమి. సున్నపు తేటకు, సోడానీటికి, సబ్బునీటికి కాగితము ఎఱ్ఱవాఱెను. నిమ్మరసమునకు, చింతపండు పులుసునకు మాఱలేదు. సబ్బువలెనే నురుగునిచ్చు కుంకుడురసమునకు గూడ ఎఱ్ఱబాఱునని అందఱును వ్రాసిరి. అది మాఱలేదు! తమ యూహ తప్పైనందుకు పిల్లలు చిన్నబోలేదు సరికదా, మఱల మఱల చుక్కలు వేసి చూచిరి. ఎఱ్ఱబాఱిన కాగితముపై నిమ్మరసము పిండగా మఱల పసుపువన్నె వచ్చుట చూచి కేరింతలు కొట్టిరి. పసుపులో కర్క్యుమిన్ అను రంగుపదార్థమున్నదనియు, క్షారము తగిలిన నది ఎఱ్ఱనై, ఆమ్లము తగిలిన మఱల పచ్చనగుననియు మావారు అప్పుడు చెప్పిరి. ఆ మాట ముందు చెప్పియున్నచో అది పరీక్షకు వ్రాయు పాఠమై యుండును. పిదప చెప్పుటచేత వారు అడిగి తెలిసికొన్న విషయమైనది. తెల్లచీరపై పడిన పప్పుమరక సబ్బు రుద్దగానే ఎఱ్ఱనగుటయు, ఎండలో ఆరవేయగా వెలిసిపోవుటయు గృహిణులందఱు ఎఱిగినదే కదా. ఎండ సంగతిని గూడ చూడవచ్చును. పసుపుకాగితమును సగము పుస్తకముతో కప్పి ఎండలో నుంచి కొన్ని దినములైన పిదప తీసిచూడుడు.

పిదప పాత్రల వీథి. బేగంబజారు సొగసంతయు ఇచటనే. రాగి కాగులు, ఇత్తడి గంగాళములు, కంచు గిన్నెలు, అల్యూమినియపు డేగిసాలు, ఉక్కు డబ్బాలు పైకప్పు వఱకు పేర్చియుండును. పలుమాఱు ఈ సామగ్రి తూకమునకే అమ్మబడును. ఇచట మాకు నాలుగు గరిటెలు కావలసియుండెను. రాగి ఉద్ధరిణె యొకటి, ఇత్తడిది యొకటి, ఉక్కుది యొకటి, కొయ్య తెడ్డు ఒకటి. నాలుగును ఒకే పొడవుండవలెనని పిల్లలు దారముతో కొలిచి కొలిచి ఏఱుచుండగా, అంగడి సేఠు నవ్వి, "అమ్మాజీ, తూకం చూసి కొంటరు, ధర చూసి కొంటరు. పొడుగు కొలిచి గరిటె కొనేటోళ్లను ఇయ్యాలనే చూస్తున్న" అనెను. కారణము విని, తానే లోపలినుండి మఱికొన్ని తెచ్చి ముందు పోసెను.

మా పిల్లలలో ఒక బాలిక కలదు. తరగతిలో నోరు విప్పదు. తండ్రి ఈ బజారులోనే తోపుడుబండి లాగును. తల్లి నాలుగిండ్లలో పాత్రలు తోమును. అయిదవ తరగతి కాగానే బడి మాన్పించి తమ్ముని చూచుకొనుటకు ఇంట నుంచవలెనని వారి యాలోచన. అందఱును పొడవులు సరిపోయినవని సంతోషించుచుండగా ఆ బాలిక రాగిదానిని, ఉక్కుదానిని రెండు చేతులతో పట్టుకొని చూచి, "ఇది లావుగుంది, ఇది సన్నగుంది. పందెం సమానమెట్లైతది?" అనెను. సేఠు, మావారు, మేము ఒక్క క్షణము మాటాడలేదు. శాస్త్రపరీక్షకు మూలసూత్రమే అది. దేనిని పోల్చదలచితిమో అది యొక్కటి తప్ప తక్కినవన్నియు సమానముగ నుండవలెను. ఆ మాటను ఏ పుస్తకమును చదువకయే పదియేండ్ల బిడ్డ పలికినది. లావు సరిపోవు గరిటెలకొఱకు మఱి రెండు దుకాణములు తిరిగితిమి.

వేడినీళ్లు పోసిన చెంబులో నాలుగు గరిటెలను నిలిపి, పైకొనలకు ఒకే కొలతగా పేరిన వనస్పతిని అంటించి, దానికి ఒక్కొక్క మిరియపు గింజను అతికితిమి. రాగిదానిపై గింజ ముందుగా జాఱెను. ఇత్తడిది తరువాత. ఉక్కుది చాలసేపు నిలిచెను. కొయ్యదానిపై గింజ కదలనే లేదు. మన గిన్నెల ఉక్కుకంటె రాగి ఇరువది రెట్లకు మించి వేడిని ప్రసరింపజేయును. ఉక్కుగిన్నెల యడుగున కొందఱు రాగిపూత వేయించుటకును, కాగుచున్న పప్పును కలుపుటకు కొయ్యతెడ్డు వాడుటకును హేతువు పిల్లలకు కన్నుల ముందే తెలియవచ్చినది.

పాత్రల వీథిలో కిలుము పట్టిన పాత రాగిచెంబునొకదానిని చౌకగా కొంటిమి. చింతపండుతో తోమిన నది మెఱయుటకు కారణము, రాగికి గాలిలోని ప్రాణవాయువు తగిలి ఏర్పడిన నల్లని పొరను చింతపండులోని ఆమ్లము కరగించుటయే. ఈ సంగతి చెప్పబోవుచుండగా, బిడ్డను పిలుచుకొనిపోవ వచ్చిన ఆ బాలిక తల్లి గుమ్మమున నిలిచి, "ఉత్త చింతపండుతోటి అంత మంచిగ పోదమ్మా, ఉప్పు గూడ వెయ్యాలె" అనెను. వెంటనే ఆ మాటనే పరీక్షగా మార్చితిమి. చెంబుపై సుద్దతో నాలుగు గడులు గీసి, ఒకదానికి నీరు, ఒకదానికి ఉప్పునీరు, ఒకదానికి చింతపండు, ఒకదానికి చింతపండును ఉప్పును అంటించి, ఒకే లెక్కగా పిల్లలు రుద్దిరి. నాలుగవ గడి తక్కినవానికంటె మెఱసెను. ఆ తల్లి పలుకు ప్రయోగముచే నిలిచినది. ఏండ్ల తరబడి చేతులు అరుగదీసికొని ఆమె సంపాదించిన తెలివి శాస్త్రమునకు వెలియైనది కాదని ఏడుగురు పిల్లల యెదుట ఋజువైనది. బడి మాన్పించు ప్రసంగము ఆమె ఆనాటినుండి తేలేదు. ఇకముందును తేదను భరోసా మాకు లేదు. ఆ యింటి కష్టములు మిరియపుగింజతో తీరునవి కావు. కాని తన బిడ్డ ఏమి నేర్చుకొనుచున్నదో ఆమె కన్నులార చూచినది.

బజారులో మూడవ మజిలీ ఎండుఫలముల దుకాణములు. బాదము, పిస్తా, అంజూర, ఖర్జూరములు గోతాములలో రాశులు పోసియుండును. మేము కొన్నది కిస్మిసులు మాత్రమే. తూచిన కిస్మిసులను రాత్రి మంచినీట నానబెట్టి ఉదయము తుడిచి మఱల తూచిరి. బరువు హెచ్చెను. అదేవిధముగా దోసకాయ ముక్కలను ఉప్పులో నుంచగా అవి వడలి, గిన్నెలో నీరు నిలిచెను. పలుచని పొర నీటిని పోనిచ్చునుగాని ఉప్పును చక్కెరను అంత సులువుగా పోనీయదు. అందుచేత నీరు పలుచనివైపునుండి చిక్కనివైపునకు పోవును. ఇదంతయు వినుచున్న యొక బాలుడు "అట్లైతే ఆవకాయలో ఊట గిట్లనే వస్తదా?" యని యడిగెను. ఆ ప్రశ్నకు మించిన మార్కు ఏ పరీక్షలోను లేదు.

కడపట ఒక డబ్బా కొంటిమి. మూతికిని అడుగునకును ఒకే వెడల్పుగల నిటారు ఉక్కుడబ్బా దొరకుట అంత సులభము కాదు. పిల్లలు కొలబద్దతో పది డబ్బాలు కొలిచిరి. దానిని మేడపై నుంచి వాన వెలిసినపిదప నీటి లోతును మిల్లీమీటర్లలో కొలిచినచో అదియే వర్షమానము. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడిన నది సరిగా ఒక లీటరు నీరగును. పదిమీటర్ల పొడవు, పదిమీటర్ల వెడల్పు గల మేడపై పది మిల్లీమీటర్ల వాన వేయి లీటర్లు. ఈ లెక్క చేసిన పిల్లవాడు కుళాయి యొద్ద బిందెల వరుసను మునుపటివలె చూడలేడు.

వానలెక్క యీ ప్రాంతమునకు ఆటవస్తువు కాదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి ఈ పరిసరములను ముంచివేసి, వేలమంది ప్రాణములను హరించెను. ఇచటికి దగ్గఱనే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనున్న చింతచెట్టునెక్కి సుమారు 150 మంది బ్రతికిరి. ఆ చెట్టును పిల్లలకు చూపితిమి. ఆ యుపద్రవము పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, ఆయన సలహా మేరకు ఎగువన ఉస్మాన్‌సాగరును (1920), హిమాయత్‌సాగరును (1927) కట్టించిరి. ఎంత వాన పడిన ఎంత నీరు వచ్చునో, దాని నెచట నిలుపవలెనో లెక్కించుటయే ఆ పనికి మూలము. మన డబ్బాలోని కొలతకును, ఆ మహాకార్యమునకును గల భేదము పరిమాణములోనిదే.

ఇట్టి బోధన మా యూహయే కాదు. లండనులో 1860వ సంవత్సరపు శీతకాలమున మైకేల్ ఫారడే యను శాస్త్రజ్ఞుడు బాలబాలికలను కూర్చుండబెట్టుకొని ఒక్క క్రొవ్వొత్తిని ఆధారముగా చేసికొని ఆరు ఉపన్యాసములిచ్చెను. ఆయన కమ్మరి కుమారుడు, పుస్తకములు కుట్టు పనిలో పెరిగినవాడు. మన దేశమున మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో 1972లో పదునాఱు బడులలో ప్రారంభమైన విజ్ఞానబోధన కార్యక్రమము, చౌకవస్తువులతో పిల్లలే ప్రయోగములు చేయు పద్ధతిని 2002 వఱకు నడపెను. అచటి పరీక్షలకు పుస్తకము తెచ్చుకొననిచ్చిరి, ప్రయోగము చేసి చూపవలసియుండెను. మన తెలుగునేలపై కుప్పము చెంత, 1999లో స్థాపితమైన అగస్త్య సంస్థవారు బండ్లపై పరికరములను పెట్టుకొని పల్లె బడులకు పోవుచున్నారు. విజ్ఞానదృష్టిని, జిజ్ఞాసను పెంపొందించుకొనుట పౌరుల విధియని 1976లో మన రాజ్యాంగమునను చేర్చిరి. ఆ విధిని ఆరంభింపవలసిన చోటు వంటయిల్లే.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలెను. సుద్దవలె గట్టియైన పొడిసున్నమును పిల్లల చేతికీయరాదు. తేటను మాత్రమే వాడి, కంటికి తగులకుండ చూచుకొనవలెను. వేడినీటిని పెద్దలే పోయవలెను. ప్రయోగమునకు వాడిన పదార్థములను రుచి చూడనీయరాదు. ఉద్దాలకుని ఉప్పునీరు మాత్రము, తాగునీటితో శుభ్రముగా చేసినచో, దోషము లేదు. మఱియొక మాట. ఒకసారి వచ్చిన ఫలితమును నమ్మక రెండవసారియు, మూడవసారియు చేయించుడు. పిల్లలు చూచిన దానినే వ్రాయవలెను గాని, మనము మెచ్చుకొందుమని తలచిన దానిని వ్రాయరాదు.

సోదరీమణులారా, సమాధానము మనకు తెలియకపోవునేమోయను సంకోచమే మనచేత "ఊరుకో" యనిపించును. ప్రశ్నోపనిషత్తులో పిప్పలాద మహర్షి తన్నాశ్రయించిన ఆరుగురితో, ఒక యేడు వసించి పిదప ఇష్టమైనవి అడుగుడనియు, తమకు తెలిసియున్నచో చెప్పుదుమనియు పలికెను. అంతటి ఋషియే తెలిసియున్నచో ననెను. మనకు తెలియనిచో సిగ్గేల? "తెలియదు, చేసి చూతము" అను మూడు మాటలు చాలును. మగపిల్లవాడు ప్రశ్నించిన తెలివియనియు, ఆడపిల్ల ప్రశ్నించిన గయ్యాళితనమనియు అనుకొను ఇండ్లు నేటికిని లేకపోలేదు. లావు సన్నముల భేదమును కనిపెట్టినది నోరు విప్పని బాలికయే. ఆమెవంటి వారు ఎందఱు మన యిండ్లలో మౌనముగా గిన్నెలు సర్దుచున్నారో యోచింపుడు.

ఈసారి బేగంబజారునకు పోవునప్పుడు మీ జాబితాలో చివర ఒక వరుస ఖాళీగా నుంచి, పిల్లను వెంట తీసికొనిపొండు. ఆ వరుసలో నేమి వ్రాయవలెనో ఆమెనే అడుగుడు.